కామిక్ పేజీల ఒరిజినల్స్: కొనడం, గీయించుకోవడం, మార్చుకోవడం ఎలా?

కామిక్ పుస్తకం వేలల్లో, లక్షల్లో అచ్చవుతుంది. కానీ అందులోని ఒక్కో పేజీకి ఆర్టిస్ట్ చేత్తో గీసిన అట్ట ఒక్కటే ఉంటుంది. ఆ అట్టనే ఒరిజినల్ అంటారు. అమెరికాలో వీటిని కొనడం, అమ్మడం, ఒకరితో ఒకరు మార్చుకోవడం కొన్ని దశాబ్దాలుగా నడుస్తున్న వ్యవహారం. చందమామ, అమర చిత్ర కథ చదివి పెరిగి, ఇప్పుడు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పిల్లల్ని వెంటబెట్టుకుని కామిక్ కన్వెన్షన్లకు, అంటే కామిక్ అభిమానుల మేళాలకు, వెళ్తున్న మనవాళ్లు చాలామందే ఉన్నారు. అక్కడ టేబుల్ మీద ఫైల్ తిరగేసి, "ఇది నిజంగా అచ్చుకు వెళ్లిన పేజీయేనా? నేను కొనుక్కోవచ్చా?" అని ఆశ్చర్యపోయినవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చుని కొనాలనుకునేవాళ్లకూ పనికొస్తుంది.

ఈ వ్యవహారంలో డబ్బుకన్నా ముందు కావాల్సింది కన్ను. మొదటి కొన్ని నెలలు ఏమీ కొనకండి. చూడండి, అంతే.

మొదట పేజీని చదవడం నేర్చుకోండి

కొత్తవాళ్లను ముందుగా తికమకపెట్టేది రంగు. పుస్తకంలో రంగురంగులుగా కనిపించిన పేజీ ఒరిజినల్‌లో నలుపు తెలుపుల్లోనే ఉంటుంది. రంగులు వేరే మనిషి, వేరే కాగితం మీద వేసేవాడు. దాన్ని కలర్ గైడ్ అంటారు. ఇప్పుడు ఆ పని కంప్యూటర్‌లో జరుగుతోంది. కాబట్టి నలుపు తెలుపు చూసి "ఇది జిరాక్స్ ఏమో" అని భయపడకండి. రంగుల్లో ఉన్న 'పేజీ' కనబడితేనే కాస్త ఆగి అడగండి.

పేజీని కిటికీ దగ్గరకు తీసుకెళ్లి, వెలుతురు పక్క నుంచి పడేలా కొద్దిగా వంచి పట్టుకోండి. దట్టంగా నలుపు నింపిన చోట ఇంకు మీద సన్నని మెరుపు ఉంటుంది, బ్రష్ ఎటు నుంచి ఎటు లాగారో తెలుస్తుంది. తప్పు దిద్దిన చోట తెల్ల రంగు కొద్దిగా ఉబ్బెత్తుగా తగులుతుంది. చెరిపినా పూర్తిగా పోని పెన్సిల్ గీతలు, లేత నీలం పెన్సిల్ గీతలు కనిపిస్తాయి. ఆ నీలం పాత అచ్చు కెమెరాకు పడేది కాదు కాబట్టి దాన్ని వాడేవారు. పాత పేజీల్లో కొన్ని మాటల బుడగల్ని విడిగా రాసి అతికించేవారు. ఆ జిగురు ఏళ్లు గడిచేసరికి పసుపు పచ్చగా మారుతుంది. మార్జిన్లో పుస్తకం పేరు, సంచిక నంబరు, పేజీ నంబరు ఉంటాయి. 1960ల నాటి మార్వెల్ పేజీల్లో జాక్ కిర్బీ గీసినవైతే, ఆ బొమ్మలో ఏం జరుగుతోందో ఆయన చేత్తో రాసిన నోట్సు కూడా అంచుల్లో దొరుకుతుంది. అప్పట్లో ముందు బొమ్మలు గీసి, తర్వాత మాటలు రాసే పద్ధతి ఉండేది మరి. ఆ నోట్సు చదువుతుంటే ఆయన పని చేస్తున్నప్పుడు భుజం మీదుగా చూస్తున్నట్టే ఉంటుంది. నేను ఒరిజినల్స్‌ని ఇష్టపడటానికి అసలు కారణం ఇదే. అచ్చులో ఆ శ్రమంతా మాయమైపోతుంది.

కొలతలు కూడా గుర్తుపెట్టుకోండి. 1967 ప్రాంతం దాకా అమెరికన్ కామిక్ బొమ్మలు అచ్చు సైజుకు దాదాపు రెండింతలు పెద్దవిగా, సుమారు 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తులో గీసేవారు. ఆ తర్వాత 11 × 17 అట్ట మీద 10 × 15 అంగుళాల బొమ్మ మామూలైంది. 1964 నాటి పేజీ అని చెప్పి ఎవరైనా 11 × 17 అట్ట చూపిస్తే అక్కడే ఆగి గట్టిగా ప్రశ్నించాలి.

మాటల బుడగలు కూడా కాలాన్ని చెబుతాయి. 1990ల దాకా అక్షరాలు పేజీ మీదే చేత్తో రాసేవారు. తర్వాత క్రమంగా అవీ కంప్యూటర్‌కు మారాయి. 2015 నాటి పేజీలో బుడగలు లేకపోవడం మామూలే. 1975 నాటి అచ్చయిన పేజీలో లేకపోతే మాత్రం ఎందుకో అడగండి.

ఇంకో చిక్కు: ఇవాళ చాలామంది ఆర్టిస్టులు మొత్తం ట్యాబ్లెట్ మీదే గీస్తున్నారు. ఆ పుస్తకాలకు ఒరిజినలే ఉండదు. కొందరు పెన్సిల్ బొమ్మను స్కాన్ చేసి ఇంకర్‌కు పంపుతారు, ఆయన దాన్ని లేత నీలంలో ప్రింట్ తీసుకుని దాని మీద ఇంకు వేస్తాడు. అప్పుడు ఒకే పేజీకి రెండు అట్టలు ఉంటాయి, ఒకటి పెన్సిల్‌ది, ఒకటి ఇంకుది. మీకు అమ్ముతున్నది వాటిలో ఏదో స్పష్టంగా అడిగి తెలుసుకోండి. రెండూ కలిపి అమ్మితే మంచిది.

ఏం కొనాలో తేల్చుకోండి

ధరల్లో ఒక వరస ఉంది. కవర్‌కి అన్నిటికన్నా ఎక్కువ. తర్వాత పేజీ మొత్తం ఒకే బొమ్మగా ఉన్న స్ప్లాష్. తర్వాత హీరో వేషంలో ఉండి కొట్లాటలో ఉన్న ప్యానెల్ పేజీ, అంటే గళ్లుగా విడగొట్టిన మామూలు కథ పేజీ. అందరూ మామూలు బట్టల్లో కూర్చుని మాట్లాడుకునే పేజీకి తక్కువ. దీని మీద ఆర్టిస్ట్ పేరు, పాత్ర పేరు, ఆ సంచికలో ఏం జరిగిందన్నదీ కలుస్తాయి.

ఆఖరిది ఎంత బలమైనదో చూడండి. 1974లో వచ్చిన ఇన్‌క్రెడిబుల్ హల్క్ 180వ సంచిక చివరి పేజీలో వుల్వరీన్ మొదటిసారి కనిపిస్తాడు. హెర్బ్ ట్రింప్ గీసిన ఆ ఒక్క పేజీ 2014లో హెరిటేజ్ అనే సంస్థ వేలంలో 6,57,250 డాలర్లు పలికింది. మైక్ జెక్ గీసిన సీక్రెట్ వార్స్ 8వ సంచికలోని ఒక లోపలి పేజీ 2022 జనవరిలో 33 లక్షల 60 వేల డాలర్లకు పోయింది. అది కవర్ కాదు. స్పైడర్‌మ్యాన్ నల్ల దుస్తులు ఎలా వచ్చాయో చెప్పే పేజీ.

ఈ అంకెలు చూసి జడుసుకోవద్దు. అవి శిఖరాలు. ఇప్పుడు పని చేస్తున్న, ఇంకా పెద్ద పేరు రాని మంచి ఆర్టిస్ట్ లోపలి పేజీ వంద, రెండొందల డాలర్లకు కన్వెన్షన్ టేబుల్ మీద దొరుకుతుంది. పాత కలర్ గైడ్లు, కవర్ కోసం ముందుగా వేసిన చిన్న చిత్తు బొమ్మలు ఇంకా చౌక. నన్నడిగితే మొదటి కొనుగోలు అలాంటిదే కావాలి. పెద్ద పాత్ర ఉన్న నీరసమైన పేజీకన్నా, పేరు లేని కథలో చేయి తిరిగిన పేజీ ఇంట్లో ఎక్కువ కాలం నిలుస్తుంది. రోజూ చూసేది బొమ్మనే కదా.

ధర ఎంత న్యాయమో ఎలా తెలుస్తుంది? హెరిటేజ్ పాత వేలాల ఫలితాలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా ఖాతా తెరిచి చూసుకోవచ్చు. కామిక్‌ఆర్ట్‌ఫ్యాన్స్ అనే సైట్‌లో సేకరించేవాళ్లు తమ పేజీల ఫొటోలు పెడతారు, ఎవరి దగ్గర ఏముందో అక్కడ తెలుస్తుంది. మీకు నచ్చిన ఆర్టిస్ట్ పేజీలు ఈమధ్య ఎంతకు పోయాయో ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటూ వెళ్లండి. కొన్నాళ్లకు ధర చూడకుండానే దగ్గర దగ్గరగా చెప్పగలుగుతారు. అప్పుడు కొనడం మొదలుపెట్టండి.

ఎక్కడ కొనాలి

నేరుగా ఆర్టిస్ట్ దగ్గర కొనడమే అన్నిటికన్నా మేలు. నకిలీ భయం ఉండదు, డబ్బు గీసినవాడికే చేరుతుంది. శాన్ డియేగో, న్యూయార్క్, షార్లెట్‌లోని హీరోస్ కన్వెన్షన్ వంటి చోట్ల ఆర్టిస్టుల వరస అని ఒక భాగం ఉంటుంది. అచ్చయ్యాక ప్రచురణ సంస్థ నుంచి పెన్సిలర్‌కు (పెన్సిల్‌తో బొమ్మ గీసినవాడికి) కొన్ని పేజీలు, ఇంకర్‌కు కొన్ని తిరిగి వస్తాయి కాబట్టి, మీకు కావాల్సిన పేజీ ఒకరి దగ్గర లేకపోతే రెండోవారిని అడగండి. ఈ మాట చాలామందికి తట్టదు.

కొందరు ఆర్టిస్టులు తమ పేజీల అమ్మకం డీలర్‌కు అప్పగిస్తారు. డీలర్ ధర కాస్త ఎక్కువే ఉండొచ్చు, కానీ వాయిదాల్లో కట్టనిస్తారు, తేడా వస్తే మాట్లాడటానికి ఒక మనిషి ఉంటాడు. వేలంలో మాత్రం లెక్క ముందే వేసుకోండి. మీరు పాడిన ధర మీద కొనుగోలుదారు రుసుము పడుతుంది, ఐదో వంతు దాకా, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ. దాని పైన అమ్మకం పన్ను, పార్సిల్ ఖర్చు. వెయ్యికి పాడితే చేతికొచ్చేసరికి పదమూడొందలు దాటొచ్చు. మీ ఆఖరి ధర రుసుముతో కలిపి కాగితం మీద రాసుకుని, దాన్ని దాటకండి. ఆఖరి నిమిషంలో వచ్చే టెన్షన్‌లో అంకెలు గుర్తుండవు.

నకిలీలు, దొంగ సరుకు

అచ్చయిన పేజీని సరిచూడటం తేలిక. పుస్తకం పక్కన పెట్టుకుని గీత గీత పోల్చండి. అచ్చులో ఉన్న ప్రతి గీతా అట్ట మీద ఉండాలి. అట్ట మీద దిద్దుబాట్ల కింద అచ్చులో లేని గీతలు కూడా కనిపించాలి. ఎక్కడా తడబాటు లేకుండా, మరీ శుభ్రంగా ఉంటే అనుమానించండి. లైట్ బాక్స్ (కింద నుంచి వెలుగు వచ్చే పెట్టె) మీద పెట్టి దించిన గీత నెమ్మదిగా, వణుకుతూ, ఒకే మందంతో ఉంటుంది.

ఆర్టిస్టే తన పాత కవర్‌ని మళ్లీ గీసి అమ్మడం కూడా ఉంది. దాన్ని రీక్రియేషన్ అంటారు. అది మోసం కాదు, అలా చెప్పి అమ్మితే. ధర మాత్రం చాలా తక్కువ ఉండాలి. పాత కవర్లలో పుస్తకం పేరున్న పట్టీ ఊడిపోయి, కొత్తది అతికించి ఉండటం మామూలే. అదీ ముందే అడగండి.

అన్నిటికన్నా ఎక్కువ నకిలీలు అచ్చుకాని విడి బొమ్మల్లో, చనిపోయిన పెద్ద ఆర్టిస్టుల పేరుతో తిరిగే స్కెచ్‌లలో. పోల్చుకోవడానికి అచ్చు ఉండదు. అలాంటిది చౌకగా వచ్చిందంటే వదిలేయండి. "ఇది మీకు ఎవరి నుంచి వచ్చింది, వాళ్లకు ఎక్కడి నుంచి?" అని అడగడం అమర్యాద కాదు. నిజాయితీగా అమ్మేవాళ్లు సంతోషంగా చెబుతారు.

ఈ ప్రశ్నకు చరిత్రలో కారణం ఉంది. 1970ల మధ్య దాకా పెద్ద సంస్థలు ఒరిజినల్స్‌ని ఆర్టిస్టులకు తిరిగి ఇచ్చేవి కావు. గోదాముల్లో పడి ఉండేవి, చాలా పేజీలు అక్కడి నుంచి చేతులు మారిపోయాయి. కిర్బీ ఏళ్ల తరబడి పోరాడితే 1987లో ఆయన గీసినవాటిలో కొంత భాగమే తిరిగొచ్చింది. స్పైడర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన 1962 నాటి సంచికలో స్టీవ్ డిట్కో గీసిన పేజీలు, మొత్తం 24, 2008లో పేరు చెప్పని ఒక దాత అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చేశారు. ఎవరైనా వెళ్లి అడిగి చూడొచ్చు. అంత విలువైనదాన్ని అలా వదులుకున్న మనిషి మీద నాకెంతో గౌరవం.

బొమ్మ గీయించుకోవడం

కమిషన్ అంటే మీకు కావాల్సిన బొమ్మ మీ కోసమే గీయించుకోవడం. ఆర్టిస్ట్ వెబ్ పేజీలో ధరల పట్టీ ఉంటుంది: తల వరకు, నడుము వరకు, నిలువెత్తు, వెనక దృశ్యంతో కలిపి. మనుషులు పెరిగేకొద్దీ, రంగులు చేరేకొద్దీ ధర పెరుగుతుంది. ముందు అది చదివి, తర్వాత ఉత్తరం రాయండి.

ఉత్తరంలో ఇవి ఉంటే చాలు: ఏ పాత్ర, ఎంత సైజు, నలుపు తెలుపా రంగులా, ఎప్పటికి కావాలి లేదా తొందర లేదు, మీ బడ్జెట్ ఎంత. పాత్ర ఏ కాలపు దుస్తుల్లో కావాలో చూపించే ఫొటోలు రెండు మూడు జతచేయండి. ఇరవై పంపకండి. చేయి ఇలా, కాలు అలా, నీడ ఈ పక్క అని చెప్పడం మొదలుపెడితే బొమ్మ చచ్చిపోతుంది. "ఈ పాత్రను మీరు ఎలా చూస్తారో అలా గీయండి" అన్నప్పుడే వాళ్ల ఉత్తమమైన పని బయటికొస్తుంది. ఇంకా మంచి ప్రశ్న, "మీకు గీయాలని ఉండి, ఎవరూ అడగని పాత్ర ఏదైనా ఉందా?"

మనవాళ్లు కొందరు అమెరికన్ ఆర్టిస్టులతో హనుమంతుణ్ణో ఘటోత్కచుణ్ణో గీయించాలనుకుంటారు. చక్కటి ఆలోచన. అయితే ఇక్కడ మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. గద ఎలా ఉంటుంది, కిరీటం ఎలా ఉంటుంది, ముఖంలో క్రూరత్వం కాదు భక్తి కావాలి అని వివరించండి. మన గుడి శిల్పాల ఫొటోలు పంపండి. మాయాబజార్‌లో ఎస్వీ రంగారావు నిలబడిన తీరు ఒక్క స్టిల్ పంపితే ఘటోత్కచుడి గురించి పేజీ నిండా రాయక్కర్లేదు.

డబ్బు సంగతి. సగం ముందు, సగం పూర్తయ్యాక అన్నది న్యాయమైన పద్ధతి. మొత్తం ముందే అడిగేవాళ్లూ ఉన్నారు. అలాంటప్పుడు వాళ్ల చేత గీయించుకున్న వేరేవాళ్లను ఇద్దరు ముగ్గుర్ని విచారించండి. పేపాల్‌లో కొంటే 'గూడ్స్ అండ్ సర్వీసెస్' కింద కట్టండి, స్నేహితులకు పంపే పద్ధతిలో కడితే తేడా వచ్చినప్పుడు డబ్బు వెనక్కి రాబట్టే దారి ఉండదు. ఆలస్యం మామూలే. చెప్పిన గడువు దాటాక నెలకోసారి మర్యాదగా అడగండి, మౌనంగా ఉండిపోకండి. ఏడాది దాటి జవాబే లేకపోతే డబ్బు అడగడం మీ హక్కు. పేపాల్‌లో ఫిర్యాదుకు 180 రోజుల గడువు ఉంటుందన్నది మాత్రం మర్చిపోవద్దు.

కన్వెన్షన్‌లో గీయించుకోవాలంటే మొదటి రోజు తలుపులు తెరవగానే ఆ టేబుల్ దగ్గరకు వెళ్లి పేరు రాయించుకోండి. మధ్యాహ్నానికి జాబితా నిండిపోతుంది. చేతిలో నగదు ఉంచుకోండి.

ఒక్కటి స్పష్టంగా తెలుసుకోండి. మీరు కొన్నది కాగితం. కాపీహక్కు మీకు రాదు. దాన్ని టీషర్టు మీద వేసి అమ్మడం, పోస్టర్లు అచ్చువేయడం కుదరదు.

మార్పిడి

ఈ వ్యవహారంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది. డబ్బుకు ఇవ్వని పేజీని ఇంకో పేజీకి ఇచ్చేస్తారు. అందుకే ఎవరికి ఏది ఇష్టమో గుర్తుపెట్టుకోవడం పెద్ద పెట్టుబడి.

అవతలివాళ్ల పేజీ కావాలంటే, "మీ దగ్గరున్న ఫలానా పేజీ నాకు చాలా ఇష్టం. అమ్మే ఉద్దేశం లేకపోయినా ఫర్వాలేదు, ఎప్పుడైనా అనిపిస్తే నాకు ముందు చెప్పండి" అని రాసి వదిలేయండి. కొన్నేళ్లకు జవాబు వస్తుంది. వచ్చినప్పుడు రెండు పేజీలకూ ధర విడివిడిగా ఒప్పుకోండి. మీది 600, వాళ్లది 900 అనుకుంటే మిగతా 300 నగదు. ఇద్దరూ ఒకే కొలతతో ధర కట్టాలి. తమదానికి మార్కెట్ ధర, మీదానికి డీలర్ కొనే ధర కడితే ఆ బేరం వద్దనండి.

ఎవరు ముందు పంపాలి? ఇద్దరూ ఒకే రోజు పంపి ట్రాకింగ్ నంబర్లు ఇచ్చుకోవడం మంచిది. మీరు కొత్తవాళ్లయితే మీరే ముందు పంపమని అడుగుతారు. అందులో తప్పు లేదు, కాకపోతే వాళ్లతో లావాదేవీ చేసినవాళ్లను విచారించాకే పంపండి. సరే అన్నాక ఎక్కువ ధర వచ్చిందని వెనక్కి తగ్గకండి. ఈ లోకం చిన్నది, మాట తప్పినవాళ్ల పేరు త్వరగా పాకుతుంది.

పార్సిల్, కస్టమ్స్

పేజీని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, దానికన్నా రెండు అంగుళాలు పెద్దవైన రెండు గట్టి ప్యాకింగ్ అట్టల మధ్య బిగించండి. ఆ అట్టల లోపలి మడతల వరసలు ఒకదానిలో నిలువుగా, ఇంకోదానిలో అడ్డంగా ఉండాలి, అప్పుడు వంగదు. టేప్ ఎక్కడా పేజీని తాకకూడదు. గొట్టంలో చుట్టి పంపొద్దు, తెల్ల రంగు పగులుతుంది, అతికించిన ముక్కలు లేస్తాయి. సంతకం తీసుకుని ఇచ్చే సర్వీసు, పూర్తి విలువకు బీమా.

ఇండియాకు తెప్పించుకునేవాళ్లు డిక్లరేషన్‌లో అసలు విలువే రాయమనండి. తక్కువ రాస్తే పోయినప్పుడు బీమా కూడా అంతే వస్తుంది. కస్టమ్స్ సుంకం, జీఎస్టీ ఎంత పడతాయో కొనకముందే కొరియర్ వాళ్లను అడిగి ధరలో కలుపుకోండి. అమెరికాలోని చుట్టాల ఇంట్లో ఉంచి, వాళ్లు వచ్చేటప్పుడు తెప్పించుకునేవాళ్లూ ఉన్నారు. అలాగైనా బిల్లు కాపీ వెంట ఉండాలి.

దాచుకోవడం

ఆమ్లం లేని కాగితమున్న పోర్ట్‌ఫోలియో ఫైలు, లేదా మైలార్ (పారదర్శకమైన పాలిస్టర్) కవర్. లామినేషన్ ఎప్పుడూ వద్దు. గోడకు పెడితే యూవీ అద్దం వేయించి, ఎండ పడని గోడ ఎంచుకోండి. ఇండియా ఇంకు తట్టుకుంటుంది కానీ మార్కర్‌తో వేసిన రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి. అలాంటి బొమ్మలు ఫైల్లోనే ఉండటం మేలు. కోస్తాలో వానాకాలపు చెమ్మకు అట్ట వంకర పోతుంది, బూజు పడుతుంది, పురుగు చేరుతుంది. బయటి గోడకు ఆనించిన బీరువాలో పెట్టకండి. సిలికా జెల్ పొట్లాలు వేసి, అప్పుడప్పుడు తెరిచి గాలి తగలనివ్వండి.

మన బొమ్మల మాట

బాపు, వడ్డాది పాపయ్య, చందమామ శంకర్, చిత్ర వంటివాళ్ల ఒరిజినల్స్ మీద ఆశ ఉన్నవాళ్లకు పైన చెప్పిన జాగ్రత్తలన్నీ రెట్టింపు వర్తిస్తాయి. ఇక్కడ చెప్పుకోదగ్గ వేలాల రికార్డు లేదు, ధరల పట్టీ లేదు. బాపు బొమ్మల ప్రింట్లు ఎక్కడ చూసినా ఉంటాయి, అందులో కాన్వాస్ మీద వేసినవి దూరం నుంచి చేతిపనిలాగే కనిపిస్తాయి. భూతద్దంతో చూస్తే అచ్చు చుక్కలు తెలిసిపోతాయి. అచ్చయిన సంచిక దొరికితే పక్కన పెట్టి పోల్చండి. ఆర్టిస్ట్ కుటుంబసభ్యుల దగ్గరకు వెళ్లాల్సి వస్తే కొనే మాటతో మొదలుపెట్టకండి, బొమ్మల గురించి మాట్లాడండి. వాళ్లు ఇవ్వాలనుకుంటే వాళ్లే చెబుతారు, అప్పుడు బేరమాడొద్దు. ఇప్పుడు పని చేస్తున్న తెలుగు కార్టూనిస్టులు, ఇలస్ట్రేటర్లు చాలామంది అడిగితే ఒరిజినల్ ఇస్తారు. అడిగేవాళ్లే తక్కువ.

కొన్న ప్రతిదానికీ ఒక కాగితం రాసిపెట్టండి: ఏ సంచిక, ఏ పేజీ, ఎవరు గీశారు, ఎవరు ఇంకు వేశారు, ఎవరి దగ్గర, ఎప్పుడు, ఎంతకు కొన్నారు. రెండు వైపులా స్కాన్ చేయించండి. అమెరికాలో ఉంటే మామూలు ఇంటి బీమా వీటికి చాలకపోవచ్చు, విడిగా చేర్పించాలి. అమ్మినప్పుడు లాభం మీద పన్ను లెక్కకు కూడా ఆ బిల్లులే ఆధారం. ఏడాది దాటి ఉంచుకున్న కలెక్టబుల్స్ మీద అక్కడ ఫెడరల్ పన్ను 28 శాతం దాకా ఉండొచ్చు. ఆ కాగితం కాపీ ఒకటి ఇంట్లో మరొకరికి తెలిసిన చోట ఉంచి, అమ్మాల్సి వస్తే ఏ డీలర్‌ని అడగాలో కూడా దాని మీదే రాయండి.